అదే చెరువుకు మళ్లీ మళ్లీ

ఊరి పక్క చెరువునూ, దాన్ని ఆనుకున్న చెట్లనూ ఏళ్ల తరబడి గమనించి, కనిపించిన ప్రతి పిట్టనూ రాసిపెట్టేవాళ్ల వల్ల ఎవరికేం మేలు?

2025 మార్చి ఆఖరున హైదరాబాద్‌ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలోకి జేసీబీలు దిగాయి. ఆ నాలుగు వందల ఎకరాలు ఎవరివన్న తగువు ఏనాటిదో. కోర్టుల్లో ప్రభుత్వానిదే పైచేయి అయింది కూడా. అయినా ఏప్రిల్‌ 3న సుప్రీంకోర్టు తనంతట తాను కలగజేసుకుని నరికివేత ఆపించేసరికి చర్చ దారి మళ్లింది. భూమి ఎవరిదన్న మాట పక్కకు జరిగి, ఆ భూమి మీద ఏముందన్న మాట ముందుకొచ్చింది. అప్పటికే వంద ఎకరాల మేర చెట్లు కూలిపోయాయి. రెవెన్యూ లెక్కల్లో అది అడవి కాదు. అభయారణ్యమని ఎవరూ బోర్డు పెట్టలేదు. మరి అక్కడ ఏముందో వేలుపెట్టి చూపించిందెవరు? ఆ రాతిగుండ్ల నడుమ, కుంటల ఒడ్డున ఏళ్లుగా తిరిగిన విద్యార్థులు, అధ్యాపకులు, నగరంలోని పక్షి వీక్షకులు. తేదీలతో సహా వాళ్లు రాసుకున్న జాబితాల్లో రెండు వందలకు పైగా పక్షి జాతుల పేర్లున్నాయి. కోర్టులో పనికొస్తుందని వాళ్లెవరూ రాయలేదు. సెలవు రోజు పొద్దున్నే వెళ్లారు, చూసింది రాశారు, మళ్లీ వెళ్లారు. గొడవ మొదలైన నాడు మాత్రం ఆ కాగితాలు లేకపోతే, అక్కడున్నవి ముళ్లకంపలు, బండలు తప్ప మరేమీ కావన్న మాటకు ఎదురు చెప్పడం చాలా కష్టమయ్యేది.

ఆ రాత గురించే ఈ కథనం. పక్షుల్ని చూడటమంటే మనకు వెంటనే పులికాట్‌లో ఫ్లెమింగోలు, నేలపట్టులో గూడబాతులు, కొల్లేటిలో ఆటపాక గుర్తుకొస్తాయి. ఏడాదికోసారి కారు కట్టించుకుని వెళ్లి, ఫొటోలు తీసుకుని వచ్చే యాత్ర అది. అందులో ఆనందం ఉంది, దాన్ని కాదనే పని లేదు. కానీ పక్షులకైనా, అవి బతికే నీటికైనా, ఆ నీటి మీద ఆధారపడ్డ మనకైనా ఎక్కువ మేలు చేసేది వేరే అలవాటు. నడిచో, బస్సెక్కో చేరగలిగిన ఒక చెరువును, దాని చుట్టూ ఉన్న చిట్టడవిని ఎంచుకుని, వాన వచ్చినా ఎండ కాసినా అక్కడికే వెళ్లడం. కొత్త పిట్ట కనిపించకపోయినా వెళ్లడం. ఏ విశేషమూ లేని రోజును కూడా జాబితాలోకి ఎక్కించడం. పేరున్న చోట్లకు చూసే కళ్లు ఎలాగూ ఉంటాయి. పేరులేని వేల చెరువులకు, తోపులకు ఈ అలవాటు తప్ప మరో సాక్షి లేదు.

ఒకే చోటికి మళ్లీ మళ్లీ ఎందుకు అంటే, దక్కన్‌ చెరువు ఏ రెండు నెలలూ ఒకేలా ఉండదు కాబట్టి. తొలకరికి ముందు ఆఫ్రికా వైపు నుంచి చాతక పక్షి వస్తుంది. వానలు పడగానే నీటి మీదికి వంగిన ఈతచెట్లకు, తుమ్మకొమ్మలకు గిజిగాళ్లు గూళ్లు అల్లుతాయి. చెరువు నిండి అలుగు పారే రోజుల్లో నీళ్లు లోతు, పక్షులు తక్కువ. అప్పుడే వెళ్లి చూసినవాళ్లు ఈ చెరువులో ఏమీ లేదని తేల్చేస్తారు. సెప్టెంబరు, అక్టోబరు నుంచి ఉత్తరాది చలి దేశాల బాతులు, ఉల్లంకి పిట్టలు దిగడం మొదలవుతుంది. తూము కింద పొలాలకు నీళ్లు వదిలేకొద్దీ చెరువు అంచు వెనక్కి జరుగుతుంది. ఆ జరిగినంత మేరా బురద తేలుతుంది. నత్తలు, పురుగులు, చిన్న చేపలు చీలమండ లోతు నీటిలో చిక్కుకుంటాయి. పెద్ద విందు అప్పుడే. జనవరి, ఫిబ్రవరిలో నత్తగుల్ల కొంగలు, ఎర్రకాళ్ల కొంగలు, నారాయణ పక్షులు ఒకే గట్టు కింద కనిపించడానికి కారణం ఆ దిగుతున్న నీరే. ఆ నెలల్లోనే పక్కనున్న చెట్లలో మోదుగ, బూరుగు పూస్తాయి. తేనెపిట్టలు, గోరింకలు, వలస వచ్చిన గులాబి గోరింకల గుంపులు వాటి మీద వాలతాయి. ఏప్రిల్‌ వచ్చేసరికి గులాబి గోరింకలు తిరుగు ప్రయాణం కడతాయి. మే నెలలో మిగిలిన కాసిన్ని నీళ్ల చుట్టూ ఊరి పిట్టలన్నీ చేరతాయి. ఒక్క రోజు వాన కొలిచి ఆ మండలం వర్షపాతం ఇంత అని ఎవరూ చెప్పరు. ఒక్క రోజు చూసి ఈ చెరువులో పక్షులు ఇన్ని అని చెప్పడమూ అంతే. మండల కార్యాలయంలో వర్షమాపకాన్ని రోజూ చూసి రాసే మనిషి ఉన్నాడు. చెరువుకు అలాంటి మనిషి కావాలి.

అంతకంటే పెద్ద కారణం మరొకటుంది. ఉన్నదాన్ని ఎవరైనా చూస్తారు. లేకుండా పోయినదాన్ని చూడాలంటే అది ఉన్నప్పుడు కూడా అక్కడికి వెళ్లి ఉండాలి. రాబందుల కథ చూడండి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌ కేవలాదేవ్‌ పార్కులో 1980లలో వేటపక్షులను అధ్యయనం చేసిన బాంబే నేచురల్‌ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త విభు ప్రకాశ్‌, అప్పట్లో రాబందుల గూళ్లు లెక్కపెట్టి ఉంచారు. అప్పటికి అదేమీ సంచలనం కాదు. రాబందు అంటే దేశంలో ఎక్కడ చూసినా ఉండే పక్షి, దాన్ని లెక్కపెట్టడం ఎందుకన్నట్టే ఉండేది. 1990ల రెండో సగంలో అదే చోట మళ్లీ లెక్క చూస్తే గూళ్ల సంఖ్య ఒక్కసారిగా పడిపోయి ఉంది. చెట్ల కింద చచ్చిన పక్షులున్నాయి. పాత లెక్క ఉండబట్టే కొత్త లెక్కకు అర్థం వచ్చింది. ఆ తర్వాత పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్‌ మందు కళేబరాల ద్వారా రాబందుల మూత్రపిండాలను దెబ్బతీస్తోందని 2004లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. 2006లో మన దేశం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. అప్పటికే తెల్లవీపు రాబందు 1992తో పోలిస్తే నూటికి తొంభై తొమ్మిది పాళ్లు పోయింది. మామూలు పక్షి అనుకున్నదాన్ని ఒక మనిషి ఓపిగ్గా లెక్కపెట్టి ఉండకపోతే, ఆ పతనం మొదలైందని గుర్తించడానికి ఇంకెన్నేళ్లు పట్టేదో. తెలుగు నేల మీద రాబందులకు ఇలాంటి పాత లెక్క ఏ ఊళ్లో ఉంది? మన తాతల కాలంలో ఊరవతల పశువుల కళేబరాల మీద వాలేవని చెప్పుకుంటాం. ఎన్ని, ఎప్పటి దాకా అంటే చెప్పగలిగినవాళ్లు అరుదు.

రాబందుల విషయంలో పని చేసింది శిక్షణ ఉన్న శాస్త్రవేత్త. ఇప్పుడు అదే పనిని మామూలు మనుషులు వేల సంఖ్యలో చేస్తున్నారు. అమెరికాలోని కార్నెల్‌ పక్షి పరిశోధన సంస్థ 2002లో మొదలుపెట్టిన ఈబర్డ్‌ అనే వేదికలో ఎవరైనా తాము చూసిన పక్షుల జాబితాను చోటు, సమయం, నడిచిన దూరంతో సహా నమోదు చేయవచ్చు. మన దేశం నుంచి అలా చేరిన దాదాపు 3 కోట్ల నమోదులతో, 30 వేల మంది వీక్షకుల శ్రమతో 2023లో దేశ పక్షుల స్థితిపై నివేదిక వచ్చింది. అది 942 జాతులను పరిశీలించింది. చాలాకాలపు పోకడ తేల్చగలిగినన్ని వివరాలు 338 జాతులకు దొరికితే, వాటిలో 204 తగ్గుతున్నాయి. అంటే ప్రతి పదింటిలో ఆరు. చలికాలంలో మన చెరువులకు వచ్చే కామన్‌ టీల్‌, నార్తర్న్‌ షోవెలర్‌ బాతులు, ఒడ్డు వెంట తోక ఊపుతూ తిరిగే ఉల్లంకి పిట్ట, వీటి స్థితిని అంతర్జాతీయంగా మళ్లీ పరిశీలించాలని ఆ నివేదిక సూచించింది. ఆ వరుసలోనే తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట ఉంది. పన్నెండేళ్లలో అది 30 శాతం తగ్గిందని లెక్క. దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమని జమ్మిచెట్టు దాకా వెళ్లి ఆకాశం వైపు చూసే జనం మనం. ఆ ఒక్క రోజు కోసం పాలపిట్టను పట్టి పంజరంలో చూపించి డబ్బులు అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది నేరం. మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులు అది ఏ కరెంటు తీగ మీద కూర్చుంటోంది, ఏ పొలంలో పురుగులు ఏరుకుంటోంది, ఏ మోడుచెట్టు తొర్రలో గుడ్లు పెడుతోంది అన్నది మనలో కొద్దిమంది చూశారు. ఆ కొద్దిమంది రాసిన జాబితాలే ఆ 30 శాతం లెక్కకు ఆధారం.

ఈ లెక్కలు ప్రతిసారీ చెడు వార్తే చెబుతాయనుకోకూడదు. మన నమ్మకాలను సరిదిద్దేవి కూడా ఉంటాయి. సెల్‌టవర్ల వల్ల పిచ్చుక అంతరించిపోతోందన్న మాట ఇరవై ఏళ్లుగా మన ఇళ్లలో తిరుగుతోంది. ఇదే వరుసలో 2020లో వచ్చిన మొదటి నివేదిక దేశం మొత్తం మీద పిచ్చుక గత పాతికేళ్లలో దాదాపు నిలకడగానే ఉందని చెప్పింది. తగ్గింది హైదరాబాద్‌ సహా ఆరు పెద్ద నగరాల్లో. టవర్లే కారణమనడానికి ఆధారం దొరకలేదు. గూడుకు సందులు లేని ఇళ్లు, పిల్లలకు పెట్టడానికి పురుగులు దొరకని వీధులు అంతకన్నా నమ్మదగిన కారణాలు. మరోవైపు 2023 నివేదిక ప్రకారం కోయిల 75 శాతం పెరిగింది. నెమళ్లు బాగా పెరిగాయి. అంటే పక్షులన్నీ తగ్గుతున్నాయన్న ఏడుపూ తప్పే, చెట్టు మీద కోయిల కూస్తోంది కాబట్టి అంతా బాగుందన్న ధీమా కూడా తప్పే. ఏ తిండికైనా, ఏ చోటుకైనా సర్దుకునేవి పెరుగుతున్నాయి. గడ్డి భూమి, పల్చటి అడవి, బురద అంచు లాంటి ఒక్కో ప్రత్యేకమైన చోటునే నమ్ముకున్నవి తగ్గుతున్నాయి. ఈ తేడాను పట్టుకోవాలంటే అరుదైన పిట్ట వెంట పరిగెత్తేవాళ్లు చాలరు. కాకినీ, గోరింకనూ, నామం కోడినీ ప్రతిసారీ రాసేవాళ్లు కావాలి.

మన దగ్గర ఈ పనికి పునాది లేదని కాదు. 1931లో సలీం అలీ నిజాం రాజ్యంలో పక్షుల సర్వే మొదలుపెట్టారు. దాని ఫలితాలు బాంబే నేచురల్‌ హిస్టరీ సొసైటీ పత్రికలో వరుసగా అచ్చయ్యాయి. 1980లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్‌ పక్షి వీక్షకుల సంఘం పుట్టింది. అదే ఇప్పుడు డెక్కన్‌ బర్డర్స్‌. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. 2013 నుంచి ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు జరిగే ప్రపంచ గణనలో మన దేశమూ చేరింది. అయితే 1931కీ ఇప్పటికీ మధ్య, ఏ ఒక్క ఊరి చెరువుకైనా ఏటేటా తెగకుండా సాగిన రాత మనకు చాలా తక్కువ. అందుకే ప్రతి తరమూ తాను చిన్నప్పుడు చూసిందే సహజమని అనుకుంటుంది. ముప్పై ఏళ్ల యువకుడికి గుర్రపుడెక్క కప్పేసిన చెరువే చెరువు. వాళ్ల నాన్నకు బాతులు దిగిన చెరువు గుర్తుంది. వాళ్ల తాత అదే చెరువు నీళ్లు తాగాడు. ముగ్గురూ ఒకే గట్టు మీద నిలబడి మూడు వేర్వేరు చెరువుల గురించి మాట్లాడుకుంటారు. జ్ఞాపకం మీద ఆధారపడితే జరిగేది ఇదే. అధికారుల ముందు, కోర్టు ముందు జ్ఞాపకం నిలబడదు. తేదీ ఉన్న కాగితం నిలబడుతుంది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. పక్షుల మీద చదువు లేనివాళ్లు రాసిన జాబితాను ఎలా నమ్మాలి? నీటికాకుల్లో చిన్నదాన్ని చూసి పెద్దదనుకోవచ్చు. ఉల్లంకి పిట్టల్లో ఏది ఏదో అనుభవజ్ఞులే తడబడతారు. ఫోన్‌లో పిలుపు విని పేరు చెప్పే యాప్‌ను గుడ్డిగా నమ్మి రాసేవాళ్లూ ఉన్నారు. ఇదంతా నిజం. దీనికి జవాబు రెండు రకాలుగా ఉంటుంది. మొదటిది, ఈబర్డ్‌లో ఆ ప్రాంతంలో, ఆ నెలలో అసాధారణమైన పేరు గానీ, అంకె గానీ కనబడితే అది దానంతటదే ఆగుతుంది. ఆ ప్రాంతపు అనుభవజ్ఞుడైన స్వచ్ఛంద పరిశీలకుడు ఫొటోనో, వివరణో అడుగుతాడు. రెండోది ఇంకా ముఖ్యం. ఒక్క నమోదులో పొరపాటు ఉండొచ్చు గానీ, ఒకే చోట నుంచి వచ్చిన వందల జాబితాల్లో ఒక పక్షి ఎన్నిసార్లు కనబడింది, ఎన్నిసార్లు కనబడలేదు అన్న నిష్పత్తిని ఆ పొరపాటు పెద్దగా కదిలించలేదు. అందుకే ఈ పద్ధతిలో కనబడి, గుర్తుపట్టగలిగిన పక్షులన్నిటినీ రాశానని చెప్పే పూర్తి జాబితాకు అంత విలువ. పూర్తి జాబితాలో లేని పేరు కూడా ఒక సమాచారమే. నచ్చినవి మాత్రమే రాసిన జాబితాలో లేని పేరుకు అర్థం ఉండదు. అయితే ఈ పద్ధతి తీర్చలేని లోపం ఒకటుంది. జాబితాలు నగరాల చుట్టూ, రోడ్ల పక్కన గుమిగూడి ఉంటాయి. ఆదిలాబాద్‌ లోపలి చెరువుల నుంచి, రాయలసీమ మెట్టల నుంచి వచ్చేవి పిసరంత. గణిత పద్ధతులు కొంతవరకు సర్దుతాయి గానీ, అసలు జాబితాయే రాని చోట సర్దడానికి ఏమీ ఉండదు. చిన్న పట్నాల్లో, మండల కేంద్రాల్లో ఉన్న ఉపాధ్యాయులు, డిగ్రీ విద్యార్థులు ఈ పనిలోకి రావాలనడానికి ఇంతకన్నా బలమైన కారణం నాకు తోచదు.

పక్షుల్ని చూడటానికి వెళ్లేవాళ్లే వాటికి బెడద అన్న మాటను ఇంకా తీవ్రంగా తీసుకోవాలి. గూడు దగ్గరికి వెళ్లి, అడ్డొచ్చిన కొమ్మలు విరిచి ఫొటో తీసేవాళ్లున్నారు. ఫోన్‌లో పిలుపు మోగించి, తన హద్దులోకి శత్రువు వచ్చిందనుకుని పరిగెత్తుకొచ్చిన మగపక్షిని ఫొటో తీసేవాళ్లున్నారు. గుడ్ల మీద కూర్చోవాల్సిన పక్షి ఆ సమయంలో గుడ్లను ఎండకో, కాకికో వదిలేస్తుంది. ఫలానా చోట గుడ్లగూబ గూడు పెట్టిందన్న సమాచారం వాట్సాప్‌ గ్రూపులో పడిన మరునాటికి అక్కడ పది కెమెరాలు నిలబడతాయి. దీన్ని సమర్థించే మార్గం లేదు. కానీ ఈ హానిలో ఎక్కువ భాగం ఒక్కసారికి వచ్చే మనిషిది. వాడికి ఇవాళే దొరకాలి, మళ్లీ రాడు కాబట్టి. వచ్చే వారం కూడా అక్కడికే వచ్చేవాడికి ఇవాళ దూరంగా కనిపించినా చాలు. గూడు చెదిరితే ఆ నష్టం వచ్చే నెలలో తన జాబితాలోనే తేలుతుంది. తీతువు నేల మీద గులకరాళ్ల నడుమ గుడ్లు పెడుతుందని, అది నెత్తిమీద అరుస్తూ తిరుగుతుంటే వెనక్కి తగ్గాలని అలవాటుగా వెళ్లేవాళ్లు నేర్చుకుంటారు. గూళ్ల చోట్లు బయటపెట్టకపోవడం, పిలుపులు మోగించకపోవడం సంఘాలన్నీ రాతపూర్వకంగా పెట్టుకోవాల్సిన నియమాలు. నియమం తప్పినవాళ్లను నడకలకు రానివ్వకపోవడమూ అంతే అవసరం.

ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా అనేవాళ్లూ ఉన్నారు. లక్షల కెమెరాలు భుజాన వేసుకుని ఆదివారం గట్టు మీదికొచ్చే గుంపును చూస్తే ఆ మాట పుట్టడం సహజం. కానీ మన నేల మీద పక్షుల జ్ఞానం ఎప్పుడూ డబ్బున్నవాళ్ల సొత్తు కాదు. ఎనభై ఏళ్లకు పైగా ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న కలివి కోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది పిట్టలు పట్టే అయితన్న అనే మనిషి చేతిలో. శాస్త్రవేత్తలు చూపిన బొమ్మను గుర్తుపట్టి, ఎక్కడ వెతకాలో తెలిసినవాడు అతనే. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు వచ్చిన ఏడు ఊరికి మంచిదని నమ్మి వాటిని తరతరాలుగా కాపాడుకుంటున్నది ఊరివాళ్లే. హిందూపురం దగ్గర వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే పిల్లలు చేస్తాయి. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులోని తుమ్మచెట్లు గూళ్లతో తెల్లగా కనిపిస్తాయి. చెరువు మీద బతికే బెస్తవారికి ఏ పక్షి ఏ లోతులో తింటుందో ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు. లోటు ఎక్కడంటే, ఆ తెలివి జాబితాలోకి ఎక్కడం లేదు. మత్స్యకార సహకార సంఘం సభ్యుడు చెప్పిన మాటను, పశువుల కాపరి చూసినదాన్ని, పక్షి వీక్షకుల పుస్తకంలో వాళ్ల పేరుతోనే రాయగలిగితే ఆ జాబితా బరువు పెరుగుతుంది, చెరువు గురించి మాట్లాడే హక్కున్నవాళ్ల సంఖ్యా పెరుగుతుంది. అన్నట్టు, కెమెరా లేకుండానే ఈ పని మొత్తం చేయవచ్చు. నోటుపుస్తకం, ఒక మోస్తరు బైనాక్యులర్లు చాలు. తెలుగులో పక్షుల పేర్లు, బొమ్మలతో ప్రతి జిల్లాకూ పుస్తకాలు రావాల్సిన అవసరం మాత్రం చాలా ఉంది. ఒక్కో పక్షికి ఊరికో పేరు ఉన్న మన భాషలో ఆ పేర్లు పెద్దవాళ్లతో పాటే పోతున్నాయి.

చివరి అభ్యంతరమే అన్నిటికన్నా బరువైనది. లెక్కపెడితే చెరువు బతుకుతుందా? బతకదు. ఒప్పుకోవాల్సిందే. కర్నూలు జిల్లాలో (ఇప్పటి నంద్యాల) బట్టమేక పిట్ట కోసమే 1988లో రోళ్లపాడు అభయారణ్యం ఏర్పడింది. చుట్టూ గడ్డి భూములు పోయి సాగు తీరు మారిపోయాక, అభయారణ్యం అన్న బోర్డు ఉండగానే ఆ పక్షి అక్కడ దాదాపు కనుమరుగైంది. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్‌ చెరువు కుతుబ్‌షాహీల నాటిది. 2016లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. దేశంలో నగరపు చెరువుకు అలాంటి గుర్తింపు రావడం అదే మొదటిసారి. ఆ గుర్తింపు రావడానికి ముందు అక్కడికి పదే పదే వెళ్లి ఫ్లెమింగోలను, బాతులను నమోదు చేసినవాళ్ల శ్రమ ఉంది. గుర్తింపు వచ్చాక కూడా మురుగు ఆగలేదు, శిఖం భూమిలో కట్టడాలు ఆగలేదు. 2024లో కూల్చివేతల దాకా వెళ్లాల్సి వచ్చింది. ఇవన్నీ చూసి జాబితాలు దండగ అనుకుంటే పొరపాటు. రోళ్లపాడులో, అమీన్‌పూర్‌లో ఏం పోయిందో, ఎప్పుడు పోయిందో మనకు తెలియడానికి ఆ జాబితాలే ఆధారం. ఎప్పుడు పోయిందో తెలిస్తే, ఆ ఏడాది అక్కడ ఏం మారిందని అడగవచ్చు. తెలియకపోతే ప్రశ్న కూడా పుట్టదు.

ఈ లెక్క నేరుగా పనికొచ్చే చోటు ఒకటుంది, దాన్ని మన ఇంజినీర్లు ఇప్పటిదాకా వాడుకోవడం లేదు. పూడికతీత, సుందరీకరణ పేరుతో రెండు రాష్ట్రాల్లోనూ చెరువుల మీద పెద్ద ఎత్తున పని జరిగింది, జరుగుతోంది. మిషన్‌ కాకతీయలో తెలంగాణ 46 వేల చెరువుల్ని బాగుచేయాలని పెట్టుకుంది. పూడిక తీయడం అవసరమే, నీళ్లు నిలవకపోతే చెరువే ఉండదు. కానీ అంచు మొత్తాన్ని నిటారుగా చెక్కి, రాతి రివిట్‌మెంట్‌ కట్టి, పైన నడకదారి, దీపాలు పెడితే జరిగేదేమిటో పక్షి కాళ్ల పొడవు చూస్తే అర్థమవుతుంది. ఉల్లంకి పిట్టకు అంగుళం లోతు కావాలి. పొడుగుకాళ్ల స్టిల్ట్‌కు జానెడు. తల ముంచి తోక పైకి లేపి మేసే బాతులకు మూరెడు లోపు. మునిగి చేపలు పట్టే బుడుబుంగకు, నీటికాకికి ఎంత లోతైనా ఫరవాలేదు. ఏటవాలు ఒడ్డున్న చెరువులో ఈ లోతులన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఒడ్డు గోడైపోయిన చెరువులో చివరి రెండే మిగులుతాయి. అంటే మూడేళ్ల జాబితా చేతిలో ఉంటే, ఏ వైపు ఒడ్డును ముట్టుకోకూడదో గుర్తుపట్టవచ్చు. ఎక్కడ దీపాలు పెడితే రాత్రి చెట్లమీద నిద్రపోయే కొంగల గుంపు లేచిపోతుందో చెప్పవచ్చు. ఏ నెలలో పని మొదలుపెడితే గూళ్లకు నష్టం తక్కువో తేదీతో సహా చెప్పవచ్చు. నీటిపారుదల శాఖ, నగరపాలక సంస్థలు కోట్లు పెట్టి సలహాదారుల నివేదికలు కొనుక్కుంటాయి. ఆ సలహాదారు వచ్చి ఉండేది రెండు మూడు రోజులు. వారం వారం ఆ గట్టు మీద నడిచినవాళ్లు పదేళ్లుగా రాసింది ఉచితంగా, అందరికీ కనబడేలా ఉంది.

కాబట్టి చేయాల్సింది పెద్ద పథకమేమీ కాదు. చూసేవాళ్ల వైపు నుంచి ఒక చోటు, ఒక దారి, ఒకే సమయం. గంటకు మించనక్కర్లేదు. నీటి మట్టం తూముకు ఎంత కింద ఉందో, గుర్రపుడెక్క ఎంత పరుచుకుందో పక్షులతో పాటే ఒక వాక్యంలో రాయాలి. చచ్చిన చేపలు తేలితే అది కూడా. కొత్త జాతి కనబడనంత మాత్రాన ఆ రోజు వృథా అయినట్టు కాదు. అధికారుల వైపు నుంచి ఒక నిబంధన. గట్టు పనికి, నడకదారికి, లైట్లకు అంచనాలు వేసే ఫైలులో ఆ చెరువు పక్షుల జాబితా ఒక అనుబంధంగా ఉండాలి. ఒక ఇంజినీరు, ఆ జాబితాలు రాసినవాళ్లలో ఒకరు, ఒక మత్స్యకారుడు కలిసి ఒడ్డు వెంట నడిచి, ఏ వైపు వదిలేయాలో మ్యాపు మీద గీయాలి. ఇప్పటిదాకా ఏ జాబితా లేని చెరువైతే, వానాకాలం నుంచి వేసవి దాకా ఒక పూర్తి ఏడాది లెక్క వచ్చేవరకు పూడిక తీయండి, తూము బాగుచేయండి, అలుగు మరమ్మతు చేయండి. బురద అంచు మీద మాత్రం అప్పటిదాకా కాంక్రీటు పోయకండి.